కటాఫ్ తర్వాత

ఫిబ్రవరి 11, 2024, ఆదివారం

తమ్ముడు ముప్పై ఏడో కిలోమీటరు దగ్గర ఆగిపోయాడు. యాభై కిలోమీటర్ల ట్రయల్ పరుగు. ఎయిడ్ స్టేషన్‌కి చేరేసరికి కటాఫ్ దాటిపోయింది. నంబరు రాసుకుని, కుర్చీ చూపించారట. పెరుగన్నం గిన్నె పట్టుకుని ఫినిష్ దగ్గర నిలబడ్డదాన్ని, వాణ్ణి జీపులో తెచ్చేసరికి సగం నేనే తినేశాను.

గుర్గావ్–ఫరీదాబాద్ రోడ్డు మీంచి చూస్తే ఈ ఆరావళి కొండలు ఏమంత ఎత్తనిపించవు. లోపలికి వెళ్తే తెలుస్తుంది. కాలి కింద జారే పలుగురాళ్లు, ఉన్నట్టుండి ఇసుక, రెండు పక్కలా సర్కారు తుమ్మ. 2009లో సుప్రీంకోర్టు ఆపించేదాకా ఇక్కడ గనులు తవ్వారు. ఆ గుంతల అంచులే ఇప్పుడు పరుగు దారి. దిగు, ఎక్కు, మళ్లీ దిగు.

కారులో వాడన్న మాట ఒక్కటే: "ఎండ, అక్కా."

ఫిబ్రవరిలో! ఒంగోల్లో పుట్టినవాడు అనాల్సిన మాటేనా?

ఫిబ్రవరి 12

ఇవాళ కారణం బూట్లు.

ఫిబ్రవరి 13

రైతుల ఢిల్లీ చలో. సరిహద్దుల్లో బారికేడ్లు, రోడ్లన్నీ జామ్. తమ్ముడికి ఇంటి నుంచే పని. మెట్లు వెనక్కి తిరిగి, రెయిలింగు పట్టుకుని దిగుతున్నాడు. ఎక్కడానికి మాత్రం ఏ బాధా లేదట. దిగేటప్పుడు తొడ కండరం ఒకపక్క సాగుతూనే ఒంటి బరువునంతా ఆపాలి. ఎక్కువ దెబ్బ తినేది అప్పుడే. ఆ నొప్పి ఒకటి రెండు రోజులు ఆగి మరీ ముదురుతుంది. ఏడాదంతా వీడు సాధన చేసింది గోల్ఫ్ కోర్స్ రోడ్డు తారు మీద. తొడలకి దిగడం నేర్పిందెవరు?

సాయంత్రం కారణం: దారి గుర్తులు సరిగా కనపడలేదు. తప్పిపోయావా అంటే, లేదు.

ఫిబ్రవరి 15

వాచీలో లెక్కలు ఇవాళ్టికి తెరిచాడు. మూడు రోజులు దాని జోలికే పోలేదు. మొదటి గంటలో కిలోమీటరుకి అయిదు నిమిషాల నలభై సెకన్లు. అది వాడు తారు రోడ్డు మీద పదికి పరిగెత్తే వేగం. పాతిక దాటాక కిలోమీటరుకి పన్నెండు, పద్నాలుగు. చల్లగా ఉంది, ఒళ్లు తేలిగ్గా ఉంది, ముందు ఎవరో పోతున్నారు, వీడూ పోయాడు. ఎండ రాకముందే పరుగు అయిపోయింది.

చాలాసేపు తెర వంకే చూసి, "ఇంతేనా" అన్నాడు. నిరాశగానే. ఇంత మామూలు కారణం ఎవరికీ నచ్చదు. ఎండైతే చెప్పుకోవడానికి బాగుంటుంది.

ఫిబ్రవరి 17, శనివారం

మా సొసైటీ డాక్టరమ్మ దగ్గర కూర్చున్నాం. ఆ రోజు ఉంగరం వేలికి బిగుసుకుపోయిందని, కడుపులో తిప్పిందని చెప్పాడు. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న బరువు. ఇంటికొచ్చి చూసుకుంటే బయల్దేరినప్పటి బరువే. "అంత చెమట పోస్తే కొంచెం తగ్గాలి కదా. ప్రతి స్టేషన్లో వట్టి నీళ్లు తాగారా?" తాగాడు. తాగమని అందరూ చెప్పారు మరి.

దక్షిణాఫ్రికా డాక్టరు టిమ్ నోక్స్ 1985లో రాసింది ఇదే. కామ్రేడ్స్ లాంటి దూరపు పరుగుల్లో కొందరు కూలిపోయింది నీళ్లు చాలక కాదు, ఎక్కువై, రక్తంలో సోడియం పలచబడి. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందికి సోడియం తగ్గి ఉంది. ఉంగరం బిగిసినంత మాత్రాన అదేనని చెప్పలేమని, దాహమేసినప్పుడే తాగమని అన్నారావిడ. ఓఆర్ఎస్ ప్యాకెట్టు కూడా లీటరుకి కలిపితేనే మందు, చిన్న సీసాలో మొత్తం వంచితే కాదు. వీడు వంచే రకమే.

ఫిబ్రవరి 20

ఓదార్పు ఫోన్ల రోజు. రజత్ చౌహాన్ అనే ఢిల్లీ డాక్టరు లడఖ్‌లో పెట్టిన లా అల్ట్రా గురించి ఒకాయన చెప్పారు. 2010లో మొదటిసారి 222 కిలోమీటర్లకి ముగ్గురు బయల్దేరితే చేరింది ఒక్కరే. సరే, అది ఖర్దుంగ్ లా లాంటి ఎత్తైన కనుమ మీద.

ఇంకొకరు జిమ్ వామ్స్లీ కథ ఎత్తుకున్నారు. అమెరికాలో వంద మైళ్ల వెస్టర్న్ స్టేట్స్ పరుగు. 2016లో రికార్డు దాటేలా పోతూ, గమ్యం దగ్గర పడ్డాక మలుపు తప్పి ఇరవయ్యో స్థానంలో చేరాడు. 2018లో 14 గంటల 30 నిమిషాల్లో రికార్డుతో గెలిచాడు. అందరూ ఇలాగే చెప్తారు, మధ్యలో 2017ని మింగేసి. ఆ ఏడు మలుపు తప్పలేదు. మొదట్లో మరీ వేగంగా పోయి, కడుపు చెడి, 78వ మైలు దగ్గర మానేశాడు. ఒక తప్పు దిద్దుకున్నవాడికి రెండోది కొత్తగా దొరికింది. నాకు నచ్చిన భాగం అదే. తమ్ముడికి నచ్చలేదు.

ఫిబ్రవరి 25, ఆదివారం

మాంగర్ వైపు సాధన. ఎక్కుడు వస్తే నడవాలి, దిగుడు వస్తే చిన్న అడుగులు వేయాలి అని వాడే పెట్టుకున్న నియమం. మొదటి ఎక్కుడులోనే కాలేజీ కుర్రాళ్లిద్దరు వీణ్ణి దాటి పోయారు. నడుస్తూనే ఉన్నాడు గానీ, ఆ మొహం చూడాలి!

అక్టోబరులో మళ్లీ పరిగెత్తుతాడట. నాకూ డ్యూటీ వేశాడు: ఇరవయ్యో కిలోమీటరు దగ్గర నిలబడి, చెప్పిన టైము కంటే ముందొస్తే తిట్టాలి. ఆలస్యమైతే ఏమీ అనకూడదు. జీతం అడిగితే ఆంధ్రా భవన్‌లో భోజనం అన్నాడు. బిర్యానీ ఉన్న రోజైతేనే అన్నాను.