గండి నుంచి గండికోటకు

పెన్న, చిత్రావతి, పాపాఘ్ని మూడూ నంది కొండల్లో పుట్టినవే. అక్కడ విడిపోయి ఎవరి దారిన వాళ్ళు ప్రయాణం కట్టి, కడప జిల్లాలో మళ్ళీ కలుసుకుంటాయి. చిత్రావతి గండికోటకు ఎగువన పెన్నలో కలుస్తుంది, పాపాఘ్ని కమలాపురం దగ్గర. ఈ రెండు కలయికల నడుమ పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాల్లో చూడాల్సినవి చాలావరకు దారి పక్కనే ఉంటాయి. బండి ఆపడమే మన పని.

నేను పాపాఘ్ని దగ్గర మొదలుపెడతాను. వేంపల్లె దగ్గర ఈ ఏరు కొండను కోసుకుని బయటికి వస్తుంది. అందుకే ఆ చోటు గండి అయింది. శ్రీరాముడు బాణం మొనతో బండమీద ఆంజనేయుడి రూపం గీసి, ఎడమచేతి చిటికెన వేలు మాత్రం వదిలేశాడట. తర్వాత ఎవరో శిల్పి ఆ వేలు కూడా చెక్కబోతే ఉలి దెబ్బకు నెత్తురు కారిందట. ఇంకో కథలో రెండు కొండల మధ్య బంగారు తోరణం వేలాడుతుంటుంది. అది చావు దగ్గరపడ్డవాళ్ళకే కనిపిస్తుందని నమ్మకం. దత్త మండలాలకు కలెక్టరుగా పనిచేసి, ఆనక మద్రాసు గవర్నరైన థామస్ మన్రో ఆ తోరణాన్ని చూశాడని చెబుతారు. ఆయన 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. తెల్లదొరను కూడా తమ కథలోకి తెచ్చుకుని, ఇన్నేళ్ళుగా మరిచిపోని జనమిది.

అక్కడి నుంచి పులివెందుల వైపు వెళ్తుంటే చేల గట్లమీద నిలువుగా పాతిన నాపబండలు కనిపిస్తాయి. ఇంటి కప్పుకూ బండే, అరుగుకూ బండే. ఈ నేల వయసు తెలిస్తే బండిమీద నుంచి దిగబుద్ధవుతుంది. పులివెందుల పేరుతోనే శాస్త్రజ్ఞులు పిలిచే నల్లరాతి పొర ఒకటుంది. భూగర్భంలోని కరుగు రాయి పాత పొరల మధ్యకు చొరబడి గట్టిపడింది. దాని వయసు దాదాపు 188 కోట్ల సంవత్సరాలని లెక్కగట్టారు. వేంపల్లె డోలమైటు రాళ్ళలో కొన్నిచోట్ల క్యాబేజీని అడ్డంగా కోసినట్టు వలయాలు వలయాలుగా గీతలుంటాయి. స్ట్రోమటోలైట్లు అంటారు. లోతులేని సముద్రంలో కంటికి కనిపించని జీవులు పొరమీద పొర పేర్చుకుంటూ వదిలివెళ్ళిన గుర్తులవి. సముద్రం జాడలేని ఈ కరువు సీమలో వేలితో తాకి చూడగల సముద్రం అదే.

ముద్దనూరు దగ్గర కొంచెం తూర్పుకు తిరిగితే థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తాయి. ఆ ఊరే కలమళ్ళ. రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి శాసనం దొరికింది అక్కడి చెన్నకేశవ ఆలయ ఆవరణలో. కాలం సుమారు 575. పూర్తిగా తెలుగులో రాసిన శాసనాల్లో మనకు తెలిసినంతలో పాతది అదే. అక్షరాలు చాలా అరిగిపోయాయి. అయినా మన మాటను రాయిమీద పెట్టొచ్చని ఒక రాజుకు తోచిన చోటు ఇది. నాకు ఈ ప్రయాణమంతటిలో కలమళ్ళే పెద్ద ఊరు.

గండికోట గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. ఎర్రమల కొండల్ని పెన్న కోసిన గండి, దాని అంచున కోట. అందరూ లోయ అంచున ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు. 1652లో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఇక్కడికి వచ్చి, కోటను గెలిచిన మీర్ జుమ్లాను కలిశాడు. గుళ్ళలోని రాగి విగ్రహాలు తెప్పించి, కరిగించి ఫిరంగులు పోయమని ఒక ఫ్రెంచివాడికి పని అప్పగించారనీ, గండికోట గుడి విగ్రహాలు ఆరు మాత్రం ఎంతకీ కరగలేదనీ రాసుకున్నాడు. ధాన్యపు కొట్టు, జైలు, మసీదు, మాధవరాయస్వామి గుడి తిరిగాక కత్తుల కోనేరు దగ్గర కాసేపు కూర్చోండి.

దిగువన మైలవరం డ్యాము, దాని పక్కన పురావస్తు శాఖ వారి చిన్న మ్యూజియం. చుట్టుపక్కల దొరికిన శిల్పాలు అక్కడున్నాయి. ఇంకా దిగితే పెన్న ఒడ్డున దానవులపాడు. 1903లో ఇసుక దిబ్బలు తవ్వితే జైన ఆలయం బయటపడింది. ఇటుకల గదిలో నిలువెత్తును మించిన తీర్థంకరుడి విగ్రహం. రాష్ట్రకూట రాజు నిత్యవర్షుడు శాంతినాథుడి అభిషేకానికి చేయించిన పీఠం. యుద్ధాలు గెలిచిన శ్రీవిజయ అనే దండనాయకుడు అన్నీ వదిలి సన్యసించాడని చెప్పే స్తంభ శాసనం. ఇంత సంపద ఉన్న చోటికి జనం పెట్టుకున్న పేరేమో దానవులది!

కానీ ఇక్కడి మంచి శిల్పాలు మద్రాసు ఎగ్మూరు మ్యూజియం చేరాయి. జమ్మలమడుగు దగ్గరి పెద్దముడియంలో దొరికిన చిన్న రాతిపలక కూడా అక్కడే ఉంది. బ్రహ్మ, నరసింహుడు, లింగం, విష్ణువు, మహిషమర్దిని వరసగా, లక్ష్మి శ్రీవత్సం ఆకారంలో ఉన్న అపురూపమైన పలక. అవి అక్కడ భద్రంగా ఉన్నందుకు నాకు సంతోషమే. కానీ ఆ ఊరి పిల్లవాడు తన ఊరి రాయిని చూడాలంటే రైలెక్కి వేరే రాష్ట్రానికి పోవాలి. కనీసం నమూనాలైనా చేయించి మైలవరంలో పెట్టాలి.

ప్రొద్దుటూరులో బంగారం అంగళ్ళూ, దసరా సంబరాలూ మీకు తెలిసినవే. పెన్న ఒడ్డున ముక్తి రామేశ్వరం చూసుకుని కమలాపురం వైపు సాగితే, గండి దగ్గర వదిలిన పాపాఘ్ని మళ్ళీ ఎదురవుతుంది. ఈసారి గండికోటకు వెళ్ళేవాళ్ళు ఒక్క పూట ఎక్కువ పెట్టుకోండి. పిల్లల్ని వెంటబెట్టుకుని మైలవరంలో, దానవులపాడులో, కలమళ్ళలో దిగండి.