కంచుకోటలో దొంగ

మా వాళ్ళు నలుగురు ఒకచోట చేరితే ఆస్తి గొడవలు మాట్లాడుకోరు. రాజకీయాలు మాట్లాడుకోరు. ఆఖరికి పెళ్ళి సంబంధాల గురించి కూడా మాట్లాడుకోరంటే మీరు నమ్మరు. "తోకచుక్క గొప్పదా, రాకాసిలోయ గొప్పదా?" అని కొట్టుకుంటారు. డెబ్భై దాటినవాళ్ళు, బీపీ బిళ్ళల డబ్బా పక్కన పెట్టుకుని, మాంత్రికుల తరఫున వకాల్తా పుచ్చుకుని వాదించుకోవడం ఎక్కడైనా ఉందా? మా విజయనగరం ఇంట్లో ఉంది.

చందమామ సంగతి మీకు కొత్తగా చెప్పాలా! 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మొదలుపెట్టిన ఆ పత్రికలో, 1954లో 'తోకచుక్క' అనే సీరియల్ వచ్చింది. అక్కణ్ణుంచి 1978లో 'భల్లూక మాంత్రికుడు' ముగిసేదాకా అదే చేతి మీద మొత్తం పన్నెండు సీరియళ్ళు. ప్రతిదాంట్లోనూ అడవులు, కొండలు, శిథిలమైన గుళ్ళు, గాల్లో ఎగిరేవీ నీళ్ళలో ఈదేవీ రకరకాల వింత జంతువులు. ఎక్కువ భాగం ఇద్దరేసి వీరులు. ధూమకుడూ సోమకుడూ, కేశవుడూ జయమల్లూ, శిఖిముఖీ విక్రమకేసరీ, ఖడ్గవర్మా జీవదత్తూ. నెల తిరిగేసరికి వాళ్ళని ఏ కొండ అంచునో వేలాడదీసి "ఇంకా వుంది" అనేవారు. ఆ రెండు మాటలకి ఎన్ని ఇళ్ళల్లో ఎంతమంది పిల్లలకి అన్నం సయించలేదో!

ఇంతకీ మా ఇంటి పార్టీలు చెబుతాను. పెద్దనాన్న తోకచుక్క. సమరసేనుడు, చతుర్నేత్రుడు, ఏకాక్షి అని పేర్లు చెబుతుంటేనే ఆయన గొంతు మారిపోతుంది. చిన్నాన్న రాకాసిలోయ. బ్రహ్మదండి మాంత్రికుడి ముందు తక్కినవాళ్ళందరూ కోమటి దుకాణంలో గుమాస్తాలంటాడు. మా నాన్నది జ్వాలాద్వీపం. చిత్రసేనుడూ, ఉగ్రాక్షుడనే రాక్షసుడూ ఉంటారే, అది. నాన్న 2011లో పోయాక ఆ పార్టీ తరఫున నేను నిలబడుతున్నాను. నిజం చెప్పాలంటే నాకు మాయాసరోవరం ఇష్టం. కానీ నాన్న ఓటు మురిగిపోతుందని ఒప్పుకోను.

ఒకసారి కాయితం తీసి లెక్క కట్టాను. తోకచుక్క వచ్చిన యేడు పెద్దనాన్నకి ఎనిమిదేళ్ళు. జ్వాలాద్వీపం 1960లో మొదలైనప్పుడు నాన్నకి తొమ్మిది. రాకాసిలోయ నడుస్తున్నప్పుడు చిన్నాన్నకీ ఎనిమిదీ తొమ్మిదీ. ఈ లెక్క బయటపెడితే ముగ్గురూ కలిసి నా మీద పడ్డారు. "అంటే ఏమిటే, మాకు కథలు తెలియవా? చిన్నప్పుడు చదివాం కాబట్టి బాగున్నాయంటావా?" అని. నేనేమీ అనలేదు బాబూ, వయసులు రాశానంతే.

ఈ ముగ్గురి మధ్యా మా మేనత్త ఒకత్తి. ఆవిడది కంచుకోట. ఆ పార్టీలో ఆవిడ తప్ప మరో ప్రాణి లేదు. "కంచుకోటేమిటే, మధ్యరకం" అంటాడు పెద్దనాన్న. అత్తయ్య జవాబు చెప్పదు. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, "నాకు అదే బాగుంటుందిరా అన్నయ్యా" అంటుంది. అంతే.

మా తాతయ్య ఆ చందమామలన్నీ యేడాదికో పుస్తకంగా గంటస్తంభం దగ్గర బైండు చేయించారు. ముదురాకుపచ్చ అట్టలు, వెనక కాలికో గుడ్డ. మేం పిల్లలం ఎనభైల్లో చదివింది ఆ బైండులే. చదవడంతో ఆగితే ఇంత కథ లేదు. సెలవుల్లో మా మూక అంతా ఆ సీరియళ్ళు ఆడేవాళ్ళం. అయ్యకోనేరు మాకు మాయాసరోవరం. రామతీర్థం కొండ యక్షపర్వతం. శ్రీకాకుళం అమ్మమ్మగారింటికి వెళ్ళినప్పుడు సాలిహుండం తీసుకెళ్తే, ఆ ఇటుకల స్తూపాలూ, కింద వంశధారా చూసి, "ఇదే శిథిలాలయం" అని మా బావ తేల్చేశాడు. అవి బౌద్ధులవని మాస్టారు క్లాసులో చెప్పినప్పుడు కూడా నాకు నమ్మబుద్ధి కాలేదు.

వేషాలు పంచడం బావ పని. ఖడ్గవర్మ తను. జీవదత్తు మా అన్నయ్య. రాక్షసుడు ఎదురింటి లావుపాటి కుర్రాడు. ఇక నేను? "నువ్వు రాజకుమారివి. నిన్ను మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. ఆ జామచెట్టు కింద కూచో. మేం వచ్చి విడిపిస్తాం." కూచున్నాను. ఎంతసేపు కూచున్నానంటే, చీమలు కుట్టి, ఎండ తిరిగి, లోపల్నుంచి ఉప్మా వాసన వచ్చింది. చూద్దును కదా, వీరులిద్దరూ రాక్షసుడితో సహా వసారాలో కూచుని టిఫిను తింటున్నారు. నన్ను విడిపించే సంగతే మరిచిపోయారు!

ఏడుస్తూ వంటింట్లోకి వెళితే, పుట్టింటికి వచ్చి ఉన్న అత్తయ్య నా మొహం తుడిచి, "రాజకుమారి ఎందుకే, కాపాలిని వెయ్యి" అంది. కాపాలిని ఎవరో నాకు తెలియదు. కంచుకోటలో మాంత్రికురాలంది. "ఎవరూ ఎత్తుకుపోరు. చంద్రవర్మ అంతవాడు కూడా ఆవిడ మాట వినాలి" అంది. పొయ్యిలో బొగ్గు తీసి తనే నా మొహానికి రాసింది. ఆ సాయంకాలం నేను పెట్టిన కేకకి మా ఖడ్గవర్మ నిజంగానే గోడ దూకి పారిపోయాడు. ఈనాటికీ ఒప్పుకోడనుకోండి.

ఆ కాపాలినిని చదువుదామని బైండు తీస్తే, సరిగ్గా కంచుకోటలోనే నాలుగు ఆకులు లేవు. ఎవరో చింపేశారు. చింపినచోట తాతయ్య తెల్లకాయితం అంటించి, ఎర్రసిరాతో రాశారు: "ఇచ్చట నాలుగు పుటలు లేవు. దొంగ ఎవరో తనంతట చెప్పవలెను."

ఆ దొంగ మా నాన్నేనని ఇంటిల్లిపాదీ తీర్మానించారు. ఆ రోజుల్లో నాన్నకి గాలిపటాల పిచ్చి. తాతయ్య రెండు రోజులు మాట్లాడటం మానేశారట. నాన్న చివరిదాకా "నేను కాదర్రా" అంటూనే ఉన్నాడు. ఎంత పెద్దవాడైనా, రిటైరైనా, ఇంట్లో ఏ వస్తువు కనపడకపోయినా పెద్దనాన్న, "ఒరే, గాలిపటం చేశావేమిట్రా?" అనేవాడు. అందరం నవ్వేవాళ్ళం. నాన్నా నవ్వేవాడు. ఇప్పుడు తలుచుకుంటే కొంచెం ఆలస్యంగా నవ్వేవాడనిపిస్తుంది.

మధ్యలో ఒక మాట. ఆ సీరియళ్ళ కింద రాసినవారి పేరు వేసేవారు కాదు. బొమ్మలు వేసింది చిత్ర అని సంతకం వల్ల తెలిసేది. రాసింది కుటుంబరావుగారని పెద్దనాన్న, చక్రపాణిగారని చిన్నాన్న పందాలు వేసుకునేవారు. ఇద్దరూ ఓడిపోయారు. 2010 జనవరిలో దాసరి సుబ్రహ్మణ్యంగారు పోయినప్పుడు పేపర్లో చదివి మా నాన్న కత్తిరించి దాచుకున్నాడు. 1952లో చందమామలో చేరి, 2006 దాకా ఆ ఆఫీసులోనే పనిచేసిన మనిషట! ఒక పేరు కోసం మా ఇంట్లో అన్ని దశాబ్దాలు దెబ్బలాడుకున్నారు. ఆయనేమో ఆ పేరు లేకుండానే మద్రాసులో కూచుని రాసుకుంటూ పోయారు. చిత్రగారు 1978లోనే పోయారు. భల్లూక మాంత్రికుడు అయిపోయిన యేడూ అదే.

సరే, బైండులు. 2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ అంటే మా ఉత్తరాంధ్ర వాళ్ళకి విడమరిచి చెప్పనక్కర్లేదు. పెంకులు కాకుల్లా ఎగిరిపోయాయి. అటక మీద ట్రంకుపెట్టెలో ఉన్న బైండులు నాలుగు రోజులు నీళ్ళలో నానాయి. విప్పితే పెసరట్టు పిండి. పెద్దనాన్న పెరట్లో ఎండబెట్టి ఒక్కొక్క ఆకూ విడదీయాలని చూశాడు. సమరసేనుడి ఓడ ఆయన వేలికి అంటుకు వచ్చేసింది. ఆ సీరియళ్ళు తరువాత పుస్తకాలుగా వచ్చాయి, కొనిచ్చాం. అభిమానులు పాత సంచికలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించారు, అవీ చూపించాం. "బాగున్నాయమ్మా" అన్నాడు. వాసన లేదన్నాడు.

కిందటి సిరిమాను పండగకి అందరం చేరాం. దసరా వెళ్ళిన మంగళవారం మా ఊళ్ళో పైడితల్లమ్మ సిరిమాను తిరుగుతుందని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. చింతమాను చివర పూజారిని కూచోబెట్టి, గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిప్పుతారు. రోడ్లన్నీ జనం. బయటికి కాలు పెట్టడానికి ఉండదు. అంచేత ఇంట్లో కూచుని వాదించుకోవడమే పని. పనిచేసే ఆవిడ, "ఏటి బావూ ఈ గోల, సిరిమాను కాడ కన్నా మీ ఇంటికాడే జాస్తీగున్నాది" అంటోంది.

బెంగుళూరులో ఇంజనీరింగు చదువుతున్న మా మేనకోడలు, అంటే పెద్దనాన్న మనవరాలు, ఆ మూల ల్యాప్‌టాప్ పెట్టుకుని ఏదో ఆట ఆడుతోంది. మధ్యలో ఫోనులో ఎవరితోనో దెబ్బలాట. "ఏడు గొప్పదంటావేంట్రా, ఆరు ఆడావా అసలు?" అంటోంది. పెద్దనాన్న చెవులు నిక్కాయి.

"ఏమిటే అది? ఏడేమిటి, ఆరేమిటి?"

ఫైనల్ ఫాంటసీ అట. జపాను వాళ్ళ ఆట. 1987లో మొదటిది వచ్చిందట, 2023లో పదహారోది. ప్రతిదానికీ కొత్త లోకం, కొత్త వీరులు. అయినా దాదాపు ప్రతిదాంట్లోనూ ఒక పెద్ద పసుపుపచ్చ పక్షి ఉంటుందట, గుర్రంలా ఎక్కి తిరగడానికి. సిడ్ అనే పేరుతో ఒక మనిషీ తగులుతుంటాడట. ఆడేవాడు ఒక వీరుడి వేషంలోకి దూరి కథ నడపాలి. ఇక వాటిని ఆడినవాళ్ళందరూ దేశదేశాల నుంచీ ఏది గొప్పదని దెబ్బలాడుకుంటారట.

"ఓస్, ఇంతేనా!" అన్నాడు పెద్దనాన్న. "లోకం కొత్తది, వీరులు కొత్తవాళ్ళు, సరుకు పాతదే. 1954 నుంచీ మేం చేస్తున్నదదే కదే! ఇంతకీ నీ పార్టీ ఏది?"

"పదమూడు తాతయ్యా. ఎవరికీ చెప్పకు, అందరూ తిడతారు."

2009లో వచ్చిందట ఆ పదమూడు. లైట్నింగ్ అని ఒక ఆడపిల్ల, సిపాయి. చెల్లెలు స్ఫటికంగా మారిపోతే విడిపించుకోవడానికి బయలుదేరుతుంది. కథానాయిక ఆమే. అభిమానులకి దాని మీద కోపం ఎందుకంటే, గంటల తరబడి ఒకటే సందులా తిన్నగా పోవాలట, పక్కకి తిరగడానికి వీల్లేదట.

అంతసేపూ పలకని అత్తయ్య, "ఆడపిల్ల కదుటే, తిన్నగా పోక ఏం చేస్తుంది?" అంది.

మేనకోడలు పకపకా నవ్వి, "బొబ్బిలి మామ్మా, నువ్వు నా పార్టీ!" అని వచ్చి పక్కన కూచుంది. "నీదేది మామ్మా?" అంటే "కంచుకోట" అంది. ఎందుకంటే కాపాలిని అంది. కాపాలిని ఎవరంటే, అత్తయ్య ఒక నిమిషం ఊరుకుని, లేచి లోపలికి వెళ్ళింది. తన చేతిసంచీ తెచ్చుకుంది. అందులోంచి పసుపుకొమ్ములు కట్టుకునేలాంటి పాతగుడ్డ మూట తీసింది. మూటలో ప్లాస్టిక్కు కవరు. కవరులో నాలుగు ఆకులు.

అంచు చింపిన గాటు నాకు గుర్తే. ఆ తెల్లకాయితం మీద వేలితో ఎన్నిసార్లు తడిమానో!

"1966లో అత్తారింటికి వెళుతుంటే తీసుకుపోయాను" అంది అత్తయ్య. "పుస్తకం వస్తే మొదట పెద్దన్నయ్య, తరవాత తమ్ముళ్ళు. నా చేతికొచ్చేసరికి కథంతా మీరు చెప్పేసేవాళ్ళు. ఇదొక్కటీ ఎవరూ చెప్పకుండా నేను చదివాను. ఆ నెల మీ ముగ్గురికీ ఆటలమ్మ పోసింది."

ఎవరూ మాట్లాడలేదు. వీధిలో సన్నాయి వినిపిస్తోంది.

"వాడితో చెబుదామనుకున్నాను" అంది నా వైపు చూడకుండా. "ప్రతి పండక్కీ అనుకునేదాన్ని. ఆస్పత్రిలో కూడా అనుకున్నాను. పక్కన ఎవరో ఒకరు ఉండేవారు. మొన్న తుఫానులో బైండులు పోయినప్పుడు, ఇక అడిగేవాళ్ళు ఉండరులే అని సంతోషించానే, పాపిష్టిదాన్ని."

నాకు కోపం రావాలో వద్దో తెలియలేదు. నలభై యేళ్ళు నాన్నని గాలిపటం దొంగని చేశాం. అలాగని ఆవిడ చేతిలోని ఆ ఆకులు చూస్తూ కోప్పడటం నా వల్ల కాలేదు. ఇంటినిండా ఉన్న తెలుగు చందమామలన్నిట్లో మిగిలినవి అవే.

పెద్దనాన్న కళ్ళజోడు తుడుచుకుని చెయ్యి చాపాడు. ఒక్కొక్క ఆకూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. బొమ్మ మీద వేలు పెట్టకుండా గాల్లోనే గీతలు గీశాడు. కాసేపటికి, "వాడు గాలిపటాలు అరటినార కాయితంతో చేసేవాడర్రా. చందమామ కాయితం బరువు, ఎగరదు. అది నాకు అప్పుడూ తెలుసు" అన్నాడు. చిన్నాన్న వీధివైపు తిరిగి కూచున్నాడు.

మేనకోడలు ఫోను తీసి ఫోటోలు తీసుకుంటూ, "కాపాలిని ఏదీ? చదువు తాతయ్యా" అంది. ఆయన మొదటి పుట తీసి, గొంతు సవరించుకున్నాడు.

"చదివాక నావి నాకిచ్చెయ్యాలి అన్నయ్యా" అంది అత్తయ్య.