అమ్మ ఫోనుకి డేటా ఎందుకు?

గాజువాకలో అమ్మది బటన్ల ఫోను. దానికి రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్ వేయిస్తున్నాను, ఇన్నాళ్లూ! 2024 జులైలో ప్రైవేటు కంపెనీలు రేట్లు పెంచినప్పుడు తిట్టుకున్నానే గానీ, ఆ డేటా ఎవరు వాడుతున్నారని ఆలోచించలేదు. అదే ఏడాది డిసెంబరులో, డేటా లేకుండా కాల్స్‌కీ మెసేజ్‌లకీ మాత్రమే ప్యాక్ పెట్టాల్సిందేనని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించింది. రీచార్జి కొట్టాయన చెప్పడు కదా మరి.

ఇంకో కంపెనీకి మారితే ఖర్చు ఇంకా తగ్గుతుందట. 1900కి పోర్ట్ మెసేజ్ పెట్టేముందు సిగ్నల్ చూద్దామని పక్కింటి పిన్నిగారి దగ్గరున్న ఆ కంపెనీ సిమ్ అరగంట అడిగి తెచ్చా. మేడ మీద సిగ్నల్ నిండుగా ఉంది. వంటింట్లో ఒక్క గీత.

"నేనుండేది వంటింట్లోనే కదరా," అంది అమ్మ.

కూర్మన్నపాలెం, ఉక్కునగరం వాళ్లూ, మీ వంటింట్లో ఏ సిమ్ పలుకుతోంది?