సున్న వస్తే సంతోషించే పరీక్ష

మా ఇంటి సంగతి ఒకటి మీతో చెప్పుకోవాలని చాలా రోజులుగా అనుకుంటున్నాము. చేతులు వణికే పెద్దవారు మీ ఇంట్లోనో, మీ సంఘములోనో ఉండే ఉంటారు గనుక తప్పక వ్రాయండని నాన్నగారే చెప్పారు.

నాన్నగారు ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేసి రిటైరయ్యారు. అమ్మ పోయిన తరువాత మా ఇద్దరి దగ్గరే ఉంటున్నారు. 2018లో ఆయన కుడి చెయ్యి వణకడం మొదలైంది. ఒళ్లో ఊరకే పెట్టుకుంటే వణికేది, బైబిలు చేతిలోకి తీసుకుంటే ఆగేది. ఊళ్లో కొందరు పక్షవాతమన్నారు. కొందరు కంపవాతమన్నారు. ఒక పెద్దమనిషి దూలగొండి గింజల పొడి తెచ్చి ఇచ్చారు. ఈ జబ్బుకు వాడే లెవోడోపా అనే మందు ఆ గింజలలో సహజంగానే ఉన్నమాట నిజమే. అయితే ఏ చెంచాలో ఎంత ఉందో ఎవరికి తెలుసు? కొలత తెలియని మందు వద్దనుకున్నాము.

గుంటూరులో నరాల డాక్టరుగారు చూచి పార్కిన్సన్ జబ్బు అన్నారు. మెదడులో డోపమైన్ అనే పదార్థాన్ని తయారుచేసే కణములు కొద్దికొద్దిగా నశించడం వలన ఇది వస్తుంది. 1817లో లండనులో జేమ్స్ పార్కిన్సన్ అనే వైద్యుడు ఆరుగురు రోగులను గూర్చి ఒక చిన్న పుస్తకం వ్రాశారు. ఆ ఆరుగురిలో కొందరు ఆయన వీధిలో చూచినవారే. తరువాత జబ్బుకు ఆయన పేరే నిలిచిపోయింది.

షుగరుకు ఉన్నట్లు ఈ జబ్బు ఎంత ముదిరిందో చెప్పే అంకె రక్తపరీక్షలో దొరకదు. అది తెలియక మేము మా సొంత కొలత ఒకటి పెట్టుకున్నాము. ఉదయం టీ గ్లాసు అందించినప్పుడు చెయ్యి ఎంత వణుకుతుందో చూచేవాళ్లము. వణుకు తక్కువగా ఉంటే "ఈ వేళ నాన్నగారికి నయం" అనుకునేవాళ్లము. అదే సమయంలో ఆయన చొక్కా బొత్తాములు పెట్టుకోవడానికి పావుగంట పట్టేది. సంఘం చందా పుస్తకంలో ఆయన అక్షరాలు పేజీ చివరికి వచ్చేసరికి చీమల బారులాగా చిన్నవైపోయేవి. మందిరంలో పాట పాడుతుంటే పక్కవారికి కూడా వినబడేది కాదు. ఇవన్నీ ముసలితనం లెక్కలో వేసి ఊరుకున్నాము.

డాక్టరుగారు కొలిచిన తీరు వేరు. 1967లో మార్గరెట్ హోన్, మెల్విన్ యార్ అనే ఇద్దరు వైద్యులు జబ్బును అయిదు దశలుగా విడదీశారు. ఒక పక్క మాత్రమే ఉంటే మొదటి దశ, రెండు పక్కలకు పాకితే రెండవది, నిలకడ తప్పితే మూడవది, అలా మంచం పట్టే దశ వరకు. అది మోటు కొలత. ఇప్పుడు ఎక్కువగా వాడే పట్టిక 1980లలో తయారై, 2008లో తిరగ వ్రాయబడింది. అందులో నాలుగు భాగాలు, మొత్తం 65 అంకెలు. ప్రతిదానికి సున్న నుంచి నాలుగు వరకు వేస్తారు. సున్న అంటే మామూలు, నాలుగు అంటే తీవ్రం.

నాన్నగారిని కూర్చోబెట్టి బొటనవ్రేలిని, చూపుడువ్రేలిని వీలైనంత వెడల్పుగా, వేగంగా పదిసార్లు తాటించమన్నారు. తరువాత గుప్పిలి మూసి తెరవడం, మడమ నేలకు ఆనించి కాలివ్రేళ్లతో తట్టడం. చేతులు రొమ్ముకు కట్టుకొని కుర్చీలో నుంచి లేవమన్నారు. నడిపించారు. చివరకు డాక్టరుగారు వెనుక నిలబడి, ముందే చెప్పి, భుజాలు పట్టి తటాలున వెనుకకు లాగారు. ఒకటి రెండు అడుగులలో నిలదొక్కుకుంటే సున్న. నాన్నగారు నాలుగు అడుగులు వేశారు. ఆయన పడిపోతారని మా ఇద్దరి గుండెలు గుభేలుమన్నాయి.

ఊరకే ఉన్నప్పటి వణుకుకు కూడా కొలత ఉంది. చెయ్యి ఊగడం ఒక సెంటీమీటరు లోపు అయితే 1, మూడు వరకు 2, పది వరకు 3, అంతకు మించితే 4. అయితే డాక్టరుగారు ఒళ్లు పరీక్షించి వేసే 33 అంకెలలో వణుకుకు సంబంధించినవి 10 మాత్రమే. మిగిలినవన్నీ నెమ్మదితనం, బిగుసుకుపోవడం, నడక, మాట, ముఖం. మేము టీ గ్లాసుతో కొలిచినది ఎంత కొంచెమో అప్పుడు తెలిసింది.

"జీవితమంతా పిల్లలకు మార్కులు వేశాను. సున్న వస్తే సంతోషించవలసిన పరీక్ష ఇదొక్కటే" అని నాన్నగారు నవ్వారు. ఆ నవ్వు ముఖం మీదికి సరిగా రాలేదు. దానికీ మార్కు ఉంది.

ఇంకొక పొరపాటు కూడా మాదే. ఆ రోజు డాక్టరుగారి గదిలోకి వెళ్లడానికి గంట ముందే మాత్ర వేశాము. మాత్ర పనిచేస్తున్న గంటలో ఆయన వేరే మనిషి. అందుకే చివరి మాత్ర వేసి ఎన్ని నిమిషాలయిందో కూడా ఆ కాగితంలో వ్రాస్తారు. అలాగని పరీక్ష కోసం మాత్ర మీ అంతట మీరు మానిపించవద్దు. ఇది తటాలున మానితే ప్రమాదం. ఎప్పుడు వేసి రావాలో డాక్టరుగారినే అడగండి.

అసలు సంగతి ప్రశ్నల కాగితం దగ్గర వచ్చింది. అందులో 20 ప్రశ్నలు ఇంట్లో గడిచే బ్రతుకును గూర్చినవి. నిద్ర, మలబద్ధకం, భోజనం, స్నానం, బట్టలు, వ్రాత ఇటువంటివి. చిన్న డాక్టరమ్మగారు ఒక్కొక్కటి తెలుగులో చదువుతుంటే జవాబులు మేమే చెప్పేశాము. భోజనానికి 3, బట్టలకు 3, మంచంలో ఒత్తిగిల్లడానికి సున్న. నాన్నగారు పక్కనే కూర్చుని వింటున్నారు. ఆ కాగితంలో జవాబు చెప్పినది రోగియా, చూచుకొనేవారా, ఇద్దరూనా అనే గడి ఉంది. ఆమె కలం ఆపి, "మాస్టారూ, ఈసారి మీరు చెప్పండి" అన్నది.

ఆయన భోజనానికి 1 వేయించారు. "నెమ్మదిగా తింటానమ్మా, కాని నేనే తింటాను. వీళ్లు తొందరపడి ముద్ద కలిపి పెడతారు" అన్నారు. ఒత్తిగిల్లడం దగ్గర 3 వేయమన్నారు. మేము తెల్లబోయాము. అది సహాయం తరచుగా కావలసి వచ్చేవారికి వేసే అంకె. మమ్మల్ని ఆయన ఏ రాత్రీ పిలవలేదు.

"పగలంతా పొలంలో పనిచేసి పడుకుంటారు. లేపడం దేనికని తెల్లవారేదాకా అలాగే వెల్లకిలా ఉండేవాణ్ణి" అన్నారు. ఎన్నాళ్ల నుంచి అని ఆమె అడిగితే, "రెండు వానాకాలాలు" అన్నారు.

తిరుగు బస్సులో మేమెవరమూ మాట్లాడలేదు. పక్క గదిలోనే పడుకున్నాము, మధ్యన గోడ ఒక్కటే.

డాక్టరుగారు రాత్రి మాత్ర మార్చారు. మేము బజారులో కాలింగ్ బెల్ కొని స్విచ్చి మంచం పట్టెకు కట్టాము. మొదటి రాత్రి వణికే చెయ్యి తగిలి నాలుగుసార్లు మోగింది. నాలుగుసార్లూ లేచి పరుగెత్తాము. మరునాడు దానిని ఎడమ పక్కకు మార్చాము. ఇప్పుడు రాత్రికి ఒకటి రెండుసార్లు నిజంగానే మోగుతుంది.

ఒక గీతల పుస్తకం కూడా పెట్టాము. మాత్ర ఎన్ని గంటలకు వేశామో, ఎంతసేపటికి చెయ్యి తేలికైందో, మళ్లీ ఎప్పుడు బిగిసిందో, నడుస్తూ గడప దగ్గర కాళ్లు అతుక్కున్నట్లు ఆగిపోయారా అనేవి అందులో ఉంటాయి. ఎడమ పేజీ మేము వ్రాస్తాము, కుడి పేజీ నాన్నగారిది. ఆయన అక్షరాలు భూతద్దంతో చూడవలసినంత చిన్నవి, అయినా ఆ పేజీ ఎవరినీ ముట్టనివ్వరు. రెండు పేజీలు కలవని రోజులు వారానికి రెండు మూడు ఉంటాయి. డాక్టరుగారు ముందుగా చూచేది ఆ రోజులనే.

వచ్చే నెల మళ్లీ గుంటూరు వెళ్లాలి. మొన్న మంగళవారం ఎడమ పేజీ ఖాళీగా ఉందని నాన్నగారు ఉదయం నుంచి గుర్తు చేస్తున్నారు.