బ్రేకు రాయిలా బిగిసిందా? బూస్టర్ మార్చేముందు ఇది చదవండి

మిర్చి కోతలు ఊపందుకున్నాయి, బళ్లన్నీ యార్డు దారిలోనే ఉన్నాయి. అందుకే ఈసారి తెగుళ్ల గురించి, రేట్ల గురించి కాకుండా బండి గురించి రాస్తున్నా. కొంచెం పెద్ద పోస్టే. ఓపిగ్గా చదవండి, మీ బండి నడిపే కుర్రాడి చేత కూడా చదివించండి.

మా ఇంట్లో 2004 మోడల్ డీజిల్ పికప్ ఒకటుంది. ఇరవై ఏళ్లు దాటినా ఇంజన్ గట్టిదే. నిరుడు ఫిబ్రవరిలో మా మేనల్లుడు 28 టిక్కీలు వేసుకుని గుంటూరు బయల్దేరాడు. పావుగంటకే ఫోన్ చేశాడు. "మామా, బ్రేకు రాయి తొక్కినట్టుంది. కాలువ వంతెన దిగేటప్పుడు రెండు కాళ్లూ వేసి తొక్కితే గానీ ఆగలా" అన్నాడు. ఆ వంతెన దిగగానే ఎడమ పక్కన బడి, ఎదురుగా మూడు రోడ్ల కూడలి. 28 టిక్కీలంటే తక్కువలో తక్కువ 11 క్వింటాళ్లు. బండిని అక్కడే పక్కకు పెట్టించాం. సరుకు వేరే బండికి ఎక్కించి పంపి, మా బండిని ఖాళీగా, మెల్లగా ఇంటికి తెచ్చి చావిడి ముందు నిలబెట్టాం.

ఇక సలహాలు మొదలైనయ్. ఒకాయన లైనింగులు అరిగినయ్ అన్నాడు. ఒకాయన బ్రేకు ఆయిల్ మార్చమన్నాడు. ఒక మెకానిక్ అయితే బానెట్ కూడా ఎత్తకుండానే "బూస్టర్ పోయింది, మొత్తం మార్చాల" అని తేల్చేశాడు. మా వీధిలో పెద్దాయన ఒకరు "మీ కాళ్లల్లో బలం లేదురా, మా రోజుల్లో పవర్ బ్రేకులు ఎక్కడివి?" అని నవ్వాడు.

ముందు ఆ పెద్దాయన మాటకే జవాబు చెప్పాలి. ఎందుకంటే ఆ మాట నమ్మి అట్టాగే బండి తోలేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. పవర్ బ్రేకు లేని పాత బళ్లలో పెడలు, మాస్టర్ సిలిండర్ మనిషి కాలి బలానికి సరిపోయేట్టు చేసేవాళ్లు. పవర్ బ్రేకు బండిని బూస్టర్ సాయం ఉంటుందని లెక్కేసుకుని చేస్తారు. ఆ సాయం పోతే అది పాతకాలం బండి అయిపోదు, సగం బ్రేకు బండి అవుతుంది. ఖాళీ బండి ఎట్టాగో ఆగుతుంది. లోడు మీద, దిగుడులో, ఎదురుగా పిల్లోడు అడ్డమొస్తే ఆగదు.

ఇప్పుడు అసలు సంగతి. బ్రేకు జబ్బులు రెండు రకాలు. పెడలు మెత్తగా లోపలికి దిగిపోతే అది ఆయిల్ జబ్బు. లీకైనా అయ్యుండాలి, పైపుల్లో గాలైనా చేరి ఉండాలి, లేదా మాస్టర్ సిలిండర్ వాషర్లు పోయుండాలి. పెడలు రాయిలా బిగిసిందంటే ఎక్కువసార్లు అది వ్యాక్యూమ్ జబ్బు. ఈ రెంటినీ కలిపేస్తే డబ్బులు పోతయ్, జబ్బు అట్టాగే ఉంటది.

బూస్టర్ అంటే పెడలుకు, మాస్టర్ సిలిండర్‌కు మధ్యలో ఉండే గుండ్రటి నల్ల డబ్బా. లోపల ఒక రబ్బరు పొర. ఆ పొరకు రెండు వైపులా గాలి లాగేసి ఉంటుంది. మనం పెడలు తొక్కగానే మన కాలి వైపు నుంచి బయటి గాలి లోపలికి వస్తుంది. బయటి గాలి చదరపు సెంటీమీటర్‌కు దాదాపు 1 కిలో బరువుతో నొక్కుతుంది. 9 అంగుళాల డబ్బాకు లెక్కేసుకోండి, మంచి వ్యాక్యూమ్ ఉంటే 300 కిలోల పైచిలుకు తోపు వస్తుంది. మన కాలికి తోడు నిలిచేది అదే.

మరి గాలి లాగేది ఎవరు? పెట్రోల్ బళ్లలో ఇంజన్ పీల్చే గాలి దారి నుంచే వ్యాక్యూమ్ దొరుకుతుంది. డీజిల్ ఇంజన్‌లో అట్టా దొరకదు, దానికి వేరే పంపు ఉండాల. మా బండి లాంటి పాత డీజిల్ పికప్పుల్లో చాలావాటికి ఈ పంపు, మనం డైనమో అని పిలిచే ఆల్టర్నేటర్ వెనకాలే, అదే షాఫ్టు మీద ఉంటుంది. లోపల చిన్న రెక్కలు తిరుగుతయ్. ఇంజన్ ఆయిల్ ఒక సన్న పైపులో వచ్చి ఆ రెక్కల్ని తడుపుతుంది, లావు పైపులో మళ్లీ చాంబర్‌లోకి పోతుంది. పంపు నుంచి బూస్టర్‌కు ఒక రబ్బరు హోసు, దాని చివర ఒక నాన్ రిటర్న్ వాల్వు. మన బోరు పైపులకు ఉండేది నీళ్లు వెనక్కి పోకుండా ఆపినట్టు, ఇది లాగిన వ్యాక్యూమ్ పోకుండా ఆపుతుంది.

పానా కూడా పట్టకుండా ఇంటి దగ్గర చేసుకోగల పరీక్షలు మూడు. బండి చదునైన నేల మీద, న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు రాళ్లు పెట్టి చేయండి.

మొదటిది. ఇంజన్ ఆపి పెడలు ఐదారుసార్లు తొక్కండి, గట్టిపడుతుంది. గట్టిపడ్డాక కాలు అట్టాగే ఒత్తి పెట్టి ఇంజన్ స్టార్ట్ చేయండి. పెడలు కాలికింద కొంచెం దిగాల. దిగితే బూస్టర్ సాయం అందుతున్నట్టు. కదలకపోతే అందట్లేదు.

రెండోది. ఇంజన్ రెండు నిమిషాలు తిప్పి ఆపేయండి. కాసేపాగి మూడుసార్లు తొక్కండి. మొదటిసారి బాగా దిగి, రెండోసారి తక్కువ, మూడోసారి ఇంకా తక్కువ దిగాల. మొదటిసారే రాయిలా ఉంటే వ్యాక్యూమ్ తయారు కావట్లేదు, లేదా నిలవట్లేదు.

మూడోది. ఇంజన్ నడుస్తుండగా పెడలు తొక్కి పట్టుకుని, అట్టాగే ఇంజన్ ఆపండి. 30 సెకన్లు కాలు తీయొద్దు. పెడలు ఉన్నచోటే ఉండాల. కాలిని పైకి నెడుతుంటే బూస్టర్ లోపల గాని, వాల్వు దగ్గర గాని లీకుంది. తొక్కి పట్టినంతసేపూ కాళ్ల దగ్గర నుంచి "ఉస్స్" అని ఆగకుండా వినపడితే అనుమానం బూస్టర్ మీదే.

మా బండికి మొదటి పరీక్షలో పెడలు కదల్లేదు. మూడో పరీక్షలో పైకి నెట్టలేదు, ఉస్స్ శబ్దమూ లేదు. ఇంకో గుర్తు కూడా దొరికింది. ఇంజన్ స్లోలో ఉన్నప్పుడు బ్రేకు మరీ గట్టి, రేజు చేస్తే కాస్త మెత్తబడుతోంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు నయం, పది కిలోమీటర్లు తిరిగి వేడెక్కాక ఘోరం. ఈ గుర్తులన్నీ బూస్టర్ వైపు కాదు, పంపు వైపు చూపిస్తయ్. వేడికి ఆయిల్ పలచబడితే, అరిగిన రెక్కలు గాలిని పట్టి లాగలేవు.

అయినా తక్కువ ఖర్చువి ముందు చూసుకుంటూ పోయాం. ఫ్యాన్ బెల్టు బిగువుగానే ఉంది. బెల్టు జారితే డైనమో, పంపు రెండూ నీరసపడతయ్. అందుకే బ్యాటరీ లైటు వెలుగుతూ బ్రేకు గట్టిపడితే ముందు బెల్టే చూడండి. తర్వాత హోసు. పైకి బాగున్న హోసు కూడా లోపల మెత్తబడి, ఇంజన్ నడుస్తుంటే చప్పిడి అయిపోతుంది. పాత సక్షన్ పైపు మోటారు వేయగానే అతుక్కుపోవడం మనం చూసిందేగా. మార్చాల్సి వస్తే వ్యాక్యూమ్‌కు తట్టుకునే గట్టి హోసే వేయండి, డీజిల్ పైపు ముక్కో నీళ్ల పైపు ముక్కో వద్దు. తర్వాత వాల్వు. పంపు వైపు నుంచి నోటితో ఊదితే గాలి పోకూడదు, పీలిస్తే రావాల. మాది రెండూ బాగానే ఉన్నయ్.

నరసరావుపేటలో తెలిసిన మెకానిక్ దగ్గర వ్యాక్యూమ్ గేజి ఉంటే ఆయన్ని ఇంటికే పిలిపించాం. పంపు దగ్గర పెట్టి చూస్తే స్లోలో 9 అంగుళాలు చూపించింది. 20 పైన ఉండాల్సింది. పంపు విప్పితే రెక్కలు అరిగి వదులైపోయినయ్. ఆయన అక్కడితో ఆగకుండా సన్న ఆయిల్ పైపు విప్పి చూపించాడు. దాని బోల్టు రంధ్రం మడ్డితో సగం పూడిపోయింది. అది శుభ్రం చేయకుండా కొత్త పంపు వేస్తే, అది కూడా ఆయిల్ అందక అరిగిపోయేది. రంధ్రం కడిగి, ఇంజన్ ఆయిల్, ఫిల్టరు మార్చి, పంపు వేశాం. గేజి 25 చూపించింది. బూస్టర్ పాతదే, ఇప్పటికీ అదే పనిచేస్తోంది.

అన్ని బళ్లకూ పంపే కారణం అని అనట్లేదు. మూడు పరీక్షలూ బాగుండి కూడా బ్రేకు పట్టకపోతే చక్రాల దగ్గరికి పోవాల. పిస్టన్లు తుప్పుపట్టి బిగిసి ఉండొచ్చు, లైనింగులు గాజులా నున్నబడి ఉండొచ్చు. బయట ఎక్కడా తడి లేకుండా బ్రేకు ఆయిల్ తగ్గుతుంటే, మాస్టర్ సిలిండర్ వెనక నుంచి బూస్టర్‌లోకి కారుతుందేమో చూడండి. ఆ ఆయిల్ లోపలి రబ్బరు పొరను తినేస్తుంది. ఎట్టి పరిస్థితుల్లోనూ బ్రేకు డబ్బాలో ఇంజన్ ఆయిల్ పోయొద్దు. రబ్బర్లు ఉబ్బి మొత్తం బ్రేకులే పోతయ్.

ఇక చివరిగా డ్రైవర్లకు గట్టిగా చెప్పాల్సిన మాటలు. డీజిల్ మిగులుద్దని దిగుడులో ఇంజన్ ఆపి తోలే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. ఇంజన్ ఆగితే పంపు ఆగుతుంది. బూస్టర్‌లో నిలవున్న వ్యాక్యూమ్ రెండు మూడు తొక్కులకే ఖర్చయిపోద్ది. మిగిలే డీజిల్ గ్లాసుడు, పోయేది ప్రాణం.

నడుస్తుండగా బ్రేకు బిగిస్తే గాభరాపడి టపటపా కొట్టొద్దు. ఒక్కో తొక్కుకు ఉన్న కాస్త సాయం కూడా పోద్ది. ఒకేసారి గట్టిగా తొక్కి పట్టండి. ఇంజన్ ఆపొద్దు. గేర్లు ఒక్కొక్కటే తగ్గించండి, హ్యాండ్ బ్రేకు మెల్లగా లాగండి. ఆయిల్ లైను బాగుంటే బండి ఆగుద్ది, కాకపోతే దూరం ఎక్కువ పడుద్ది.

రోజూ లోడు ఎక్కించేముందు ఆ మొదటి పరీక్ష చేయించండి. నిమిషం కూడా పట్టదు. పెడలు దిగకపోతే ఆ రోజు లోడు ఎక్కించొద్దు. యార్డులో రేటు ఇవాళ కాకపోతే రేపు వస్తుంది. ఇంజన్ నడుస్తుండగా బానెట్ కింద చెయ్యి పెట్టేటప్పుడు మెళ్లో తువ్వాలు తీసి పక్కన పెట్టండి, ఫ్యాన్ దేన్నీ వదలదు.

మీ బళ్లకు ఇట్టాంటిదే వచ్చి, వేరే కారణం బయటపడి ఉంటే రాయండి. పది మందికి పనికొస్తుంది.