మాటకో తోక.. తోకకో అర్థం

స్విచాఫ్‌, చెకప్‌, పికప్‌, సెండాఫ్‌.. గోనెగండ్లలో ఇవి ఇంగ్లీషు మాటలని ఎవరూ అనుకోరు. అవే 'ఫ్రేజల్‌ వెర్బ్స్‌' పేరుతో పుస్తకంలో కనిపిస్తే మాత్రం పిల్లల గుండెల్లో రాయి పడుతుంది. నోటికి అంత దగ్గరైనవి పరీక్షకు ఇంత దూరం ఎందుకయ్యాయి?

ఎమ్మిగనూరు నుంచి కోడుమూరు వెళ్లే దారిలో ఉంటుంది గోనెగండ్ల. కర్నూలు జిల్లా పడమటి వైపు ఓ మండల కేంద్రం. పత్తి, ఉల్లి, వేరుశనగ పండే నేల. మండలంలోనే హంద్రీ నదిపై గాజులదిన్నె ప్రాజెక్టు ఉంది. మాజీ ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య పేరు మీద దాన్ని సంజీవయ్య సాగర్‌ అంటారు. నిల్వ సామర్థ్యం నాలుగున్నర టీఎంసీలు. ఆ నీళ్లు అందిన పొలం పచ్చగా ఉంటుంది. అందనివాళ్లు ఆకాశం వంక చూస్తారు.

ఈ ఊరి మాటల్ని ఓ పూట చెవి ఒగ్గి వింటే చాలు. 'మోటారు ఆఫ్‌ చేసినావా ల్యాదాప్పా?' అని పొలం గట్టు మీంచి కేక. 'చేసినా మామా, కరెంటొచ్చినాక మళ్లా ఆన్‌ చేస్తా' అని జవాబు. బస్సు కోసం నిలబడ్డ పెద్దావిడను పలకరిస్తే ఎమ్మిగనూరుకు చెకప్‌కు పోతున్నానంటుంది. మెకానిక్‌ షెడ్డులో 'బండికి పికప్‌ ల్యాదన్నా' అనే ఫిర్యాదు. ఆఫీసుకెళ్తే 'ఫైలు పుటప్‌ చేసినాం, సారు సంతకం కావల్ల' అనే సమాధానం. టీ బంకు దగ్గర కుర్రాళ్ల మధ్య 'వాని బిల్డప్‌ చూడ్రా' అన్న ఎకసెక్కెం. రిటైరైన మాస్టారికి సెండాఫ్‌. జాతరలో అభిమాన హీరోకు కటౌట్‌!

వీటన్నింటికీ మూలం ఒక్కటే. ఇంగ్లీషులో ఒక క్రియ, దాని వెనక ఆన్‌, ఆఫ్‌, అప్‌, డౌన్‌, ఇన్‌, ఔట్‌ లాంటి ఓ చిన్న మాట. రెండూ కలిస్తే ఫ్రేజల్‌ వెర్బ్‌.

తాళం ఒకటే.. తలుపులు మూడు

చిన్న మాటే కదా అని తీసిపారేయడానికి లేదు. అర్థమంతా ఆ తోకలోనే ఉంటుంది. 'లాక్‌' అంటే తాళం వేయడం. దానికి 'అప్‌' తగిలిస్తే లాకప్‌.. పోలీస్‌స్టేషన్‌ గది. 'ఔట్‌' తగిలిస్తే లాకౌట్‌.. యజమాని మిల్లు గేటు మూసి కార్మికుల్ని బయట నిలబెట్టడం. పత్తి మిల్లుల ఊరైన ఆదోనిలో ఈ మాటకు అర్థం చెప్పాల్సిన పనిలేదు. 'డౌన్‌' తగిలిస్తే లాక్‌డౌన్‌.. 2020 మార్చి నుంచి పసిపిల్లలకు కూడా తెలిసిన మాట. తాళం ఒక్కటే. ఒకసారి లోపల పెట్టింది, ఒకసారి బయటకు నెట్టింది, ఒకసారి ఎక్కడివాళ్లను అక్కడే ఆపేసింది.

'పుట్‌' సంగతీ అంతే. పుట్‌ ఆన్‌ అంటే తొడుక్కోవడం. పుట్‌ ఆఫ్‌ అంటే వాయిదా వేయడం. పుట్‌ ఔట్‌ అంటే మంట ఆర్పడం. పుట్‌ అప్‌ విత్‌ అంటే సహించడం, ఓర్చుకోవడం. ఇందులో ఎక్కడా 'పెట్టడం' కనిపించదు. ఒక్కో మాటకూ విడిగా అర్థం చూసుకుంటూ పోతే దారి తప్పడం ఖాయం.

ఈ చిక్కు గోనెగండ్ల పిల్లలకే వచ్చిందేం కాదు. 1755లో తన ఇంగ్లీషు నిఘంటువును వెలువరించిన శామ్యూల్‌ జాన్సన్‌ దాని ముందుమాటలోనే ఈ సంగతి ప్రస్తావించాడు. క్రియల వెనక చిన్న మాటలు చేర్చి అర్థం మార్చే పద్ధతి తమ భాషలో ఎక్కువనీ, పరాయి దేశస్థులకు అదే పెద్ద ఇబ్బందనీ ఒప్పుకున్నాడు. ఫ్రేజల్‌ వెర్బ్‌ అన్న పేరు స్థిరపడింది ఆ తర్వాత ఎప్పటికో. 1925లో లోగన్‌ పియర్సల్‌ స్మిత్‌ తన పుస్తకంలో ఆ పేరు వాడుతూ, దాన్ని సూచించింది ఆక్స్‌ఫర్డ్‌ నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ అని చెప్పాడు.

మనకూ ఉన్నాయి!

ఇంతకీ ఇలాంటివి తెలుగులో లేవా? లేకేం! 'ఎదురుచూడటం' అంటే ఎదురుగా చూడటమా? కాదే! వెనక్కి తిరిగి కూర్చుని కూడా బస్సు కోసం ఎదురుచూడొచ్చు. 'బడి ఎగ్గొట్టాడు' అంటే వాడు దేన్నీ కొట్టలేదు. 'అప్పు ఎగ్గొట్టాడు' అన్నా అంతే. 'చేతులెత్తేశాడు' అంటే ఓటమి ఒప్పుకున్నాడని. ఇంగ్లీషువాడు అదే సంగతిని 'గివ్‌ అప్‌' అంటాడు. 'కష్టపడి పైకొచ్చాడు' అంటే మేడ మీదికి వచ్చాడని కాదు. కొడుకును తల్లి 'వెనకేసుకొచ్చింది' అంటే వీపున మోసుకొచ్చిందనీ కాదు. 'స్టాండ్‌ అప్‌ ఫర్‌' అన్నదానికి ఇంతకంటే చక్కటి తెలుగు ఎక్కడుంది?

ఒక్క 'కొట్టు'నే చూడండి. కొట్టేయడం, కొట్టుకుపోవడం, పడగొట్టడం, చెడగొట్టడం, ఎగ్గొట్టడం. ఒక్కోదానికీ ఒక్కో దారి. వీటిని ఏ పిల్లాడూ జాబితా రాసుకుని బట్టీ పట్టలేదు. అమ్మ నోట, అవ్వ నోట, వాక్యంలో విన్నాడు. పట్టేసుకున్నాడు.

తేడా ఒక్కటే. ఇంగ్లీషులో అర్థం తిప్పే చిన్న మాట క్రియ వెనక వస్తుంది. తెలుగులో చాలాసార్లు ముందొస్తుంది. మనకు క్రియ వాక్యం చివర రావాలి. అందుకే ఇంగ్లీషు మాట వచ్చినప్పుడు దాన్ని మొత్తంగా ఓ ముద్ద చేసి, వెనక 'చేయి', 'అవు' తగిలించేసుకున్నాం. స్విచాఫ్‌ చేయి, పుటప్‌ చేయి, లాగిన్‌ అవు.. ఇలా.

ఈ కిటుకు ఇంగ్లీషుతో పుట్టింది కాదు. ఆదోని కోట 1568లో బిజాపూర్‌ సుల్తానుల చేతికి పోయింది. తర్వాత మొగలులు, నిజాములు వచ్చారు. 1800లో దత్తమండలాలతో పాటు కంపెనీ వశమైంది. ఆ పాలనల్లో కచేరీ మాటలు ఎన్నో తెలుగులోకి నడిచొచ్చాయి. దాఖలు చేయి, రద్దు చేయి, వసూలు చేయి, హాజరవు, రాజీపడు.. అన్నీ ఆ అచ్చులో పోసినవే. నిన్నటి 'రద్దు చేయి' పక్కనే ఇవాళ 'క్యాన్సిల్‌ చేయి' కూర్చుంది. పరాయి మాట ఏదొచ్చినా తెలుగు దానికి పీట వేస్తుంది. కాకపోతే తన పంక్తిలోనే కూర్చోబెడుతుంది.

వచ్చి మారినవి

అలా కూర్చున్న మాటలు కొన్ని పుట్టింటి అర్థాన్ని మరిచిపోయాయి. ఇంగ్లీషులో 'గెటప్‌' క్రియగా నిద్ర లేవడం. మనకది వేషం. ఆ అర్థం అక్కడా ఉంది గానీ ఇక్కడ సినిమా పుణ్యమా అని అదే నిలిచింది. 'బిల్డప్‌' అంటే అక్కడ క్రమంగా పెరగడం. ఇక్కడ లేనిపోని గొప్పలు పోవడం. 'డిగ్రీ పాసౌట్‌ అయ్యాను' అని మన కుర్రాళ్లు ధీమాగా చెబుతారు. సైనిక శిక్షణ ముగించుకున్నవారి విషయంలో తప్ప బ్రిటన్‌లో 'పాస్‌ ఔట్‌' అంటే ముందుగా తోచే అర్థం స్పృహ తప్పి పడిపోవడం! విదేశీ కంపెనీ ఇంటర్వ్యూలో ఈ మాట అంటే అవతలివాళ్లు ఓ క్షణం ఆలోచనలో పడతారు.

మరోవైపు మన చదువుల ఇంగ్లీషులో కచేరీ వాసన ఎక్కువ. పోస్ట్‌పోన్‌, టాలరేట్‌, ఎక్స్‌టింగ్విష్‌ లాంటి బరువైన మాటలు మనవాళ్లకు బాగానే వచ్చు. అర్జీలు, తీర్పులు, ఉత్తరువుల భాష అది. ఇంగ్లీషు ఇంటి భాషగా ఉన్నవాళ్లు మామూలుగా మాట్లాడుకునేది పుట్‌ ఆఫ్‌, పుట్‌ అప్‌ విత్‌, పుట్‌ ఔట్‌లతోనే. కాగితం మీద ఇంగ్లీషు అర్థమైన మనిషి ఫోన్లో ఇంగ్లీషుకు తడబడటానికి ఇదో కారణం.

సుగ్గికి పోతే..

గోనెగండ్లలాంటి చోట ఈ తడబాటు మార్కుల దగ్గరే ఆగదు. పడమటి కర్నూలులో 'సుగ్గి' అన్న మాటకు బరువెక్కువ. వానలు మొహం చాటేస్తే పల్లెలు పల్లెలే పనులు వెతుక్కుంటూ కదులుతాయి. గుంటూరు వైపు మిర్చి కోతలకు కొందరు, బెంగళూరులో కట్టడాల పనులకు కొందరు. పెద్దలతో పాటు పిల్లలూ మూట సర్దుకుంటారు. బడి రిజిస్టరులో వాళ్ల పేర్లకెదురుగా చేరేది కూడా ఓ ఫ్రేజల్‌ వెర్బే.. డ్రాపౌట్‌!

సగంలో చదువాపి నగరానికి చేరిన కుర్రాడి చెవిన పడే మొదటి ఇంగ్లీషు ఇదే. గేటు దగ్గర 'సైన్‌ ఇన్‌'. ఆఫీసులో 'ఫిల్‌ ఇన్‌ ద ఫామ్‌'. ఫోన్లో 'హోల్డ్‌ ఆన్‌'. పని తగ్గితే 'లే ఆఫ్‌'. అన్నింటికంటే ముఖ్యమైంది మరోటుంది. పైనుంచి ఇనుప కడ్డీ జారుతున్నప్పుడు ఎవరో 'లుకౌట్‌' అని అరుస్తారు. లుక్‌ అంటే చూడు, ఔట్‌ అంటే బయట అని విడదీసుకుని బయటికి చూస్తే అయిపోయినట్టే. లుకౌట్‌, వాచౌట్‌.. రెండింటికీ అర్థం 'జాగ్రత్త' అనే. ఈ ఒక్క ముక్క ముందే తెలియడం ప్రాణంతో సమానం.

బడిలోకి ఇంగ్లీషు ఎంత రావాలన్నది రాష్ట్రంలో పెద్ద చర్చే అయింది. ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెడుతూ 2019 నవంబరులో ఉత్తర్వులు వచ్చాయి. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టేసింది. ఇంగ్లీషు పత్రికలు దాన్నే 'స్ట్రక్‌ డౌన్‌' అని రాశాయి. కొట్టడంలో కొట్టడం లేకపోవడం రెండు భాషల్లోనూ ఉందన్నమాట! ఆ తర్వాత ఓ పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు ఉండే పాఠ్యపుస్తకాలు పిల్లల చేతికొచ్చాయి. మాధ్యమం ఏదన్న వాదన పక్కన పెడితే, రెండు పేజీల మధ్య వంతెన వేసుకోవడమే పిల్లాడికి అసలు పని.

వాక్యంలో పెడితేనే..

ఆ వంతెనకు సామాను ఊళ్లోనే ఉంది. జాబితాలు బట్టీ పట్టే బదులు రోజును వాక్యాలుగా విడగొడితే చాలు. 'అవర్‌ మదర్‌ గెట్స్‌ అప్‌ ఎట్‌ ఫైవ్‌'.. అమ్మ ఐదింటికి లేస్తుంది. 'వి సెట్‌ ఔట్‌ బిఫోర్‌ సన్‌రైజ్‌'.. పొద్దు పొడవకముందే బయల్దేరాం. 'ద బస్‌ బ్రోక్‌ డౌన్‌ నియర్‌ ఎమ్మిగనూర్‌'.. బస్సు ఎమ్మిగనూరు దగ్గర చెడిపోయింది. 'ఆనియన్‌ ప్రైసెస్‌ వెంట్‌ అప్‌'.. ఉల్లి ధర పెరిగింది. క్రికెట్‌లో రనౌట్‌ తెలియని పిల్లాడుంటాడా? 'వి ర్యాన్‌ ఔట్‌ ఆఫ్‌ వాటర్‌' అంటే నీళ్లు అయిపోయాయి. ఎండాకాలం రాగానే సొంతంగా గుర్తొచ్చే వాక్యమిది. 'షి లుక్స్‌ ఆఫ్టర్‌ హర్‌ బ్రదర్‌'.. తమ్ముణ్ని తనే చూసుకుంటుంది. తల్లి కూలికి వెళ్లిన ఇంట్లో పెద్దపిల్ల ఎవరినడిగినా దీని అర్థం ఇట్టే చెబుతుంది.

ఒక్క నియమం మాత్రం గుర్తుంచుకోవాలి. 'స్విచ్‌ ఆఫ్‌ ద మోటార్‌' అన్నా, 'స్విచ్‌ ద మోటార్‌ ఆఫ్‌' అన్నా తప్పులేదు. మోటారు బదులు 'ఇట్‌' వస్తే మాత్రం దాన్ని మధ్యలోనే ఇరికించాలి. 'స్విచ్‌ ఇట్‌ ఆఫ్‌' ఒప్పు. 'స్విచ్‌ ఆఫ్‌ ఇట్‌' తప్పు. 'లుక్‌ ఆఫ్టర్‌' లాంటివి అలా విడిపోవు. 'లుక్‌ ఆఫ్టర్‌ హర్‌' అనే అనాలి. ఏది విడిపోతుందో, ఏది విడిపోదో చెప్పేది వాడుకే. నాలుగు వాక్యాలు విన్నాక చెవే చెప్పేస్తుంది.

బరువైన ఇంగ్లీషు రాదని సిగ్గుపడే ఊరు రోజంతా ఆన్‌లు, ఆఫ్‌లు, అప్‌లతోనే పని నడిపేస్తోంది. సగం తెలిసిన పాఠమే కదా! మిగతా సగం చెప్పేదాకా పిల్లల్ని బడిలో నిలబెట్టగలిగితే.. పైకి రావడమంటే ఏమిటో వాళ్లే రెండు భాషల్లోనూ చెబుతారు.