డాబా మీది ఎండ

తెలుగువారి ఇంటికి ఎండతో ఉన్న అనుబంధం ఈనాటిది కాదు. చలి తగ్గి ఎండ ముదరగానే డాబాల మీద వడియాలు, అప్పడాలు పరుచుకొంటాయి. మిరపకాయలు ఎర్రని తివాచీలవుతాయి. ఉప్పులో ఊరిన మాగాయ ముక్క ఎండలో ఒరుగు కానిదే జాడీలోకి దిగదు. ఆ ఎండకు ఎవరూ వెల కట్టలేదు, కట్టవలసిన అవసరమూ రాలేదు. అదే ఎండ విద్యుత్తుగా మారి ఇంటిలోని దీపాన్ని, ఫ్యానును, ఫ్రిజ్‌ను నడిపించగలదని విన్న సామాన్య గృహస్థు మాత్రం మొదట వెలనే అడుగుతాడు. ఎంతవుతుంది? పెట్టినది ఎన్నాళ్లకు తిరిగి వస్తుంది?

సూర్యుని ఆశ్రయించి సంపద పొందినవారి కథలు మన సాహిత్యంలో రెండు ప్రసిద్ధంగా ఉన్నాయి. సత్రాజిత్తుకు లభించిన శమంతకమణి రోజుకు ఎనిమిది బారువుల బంగారాన్నిచ్చింది. దానితోపాటు కలహాలనూ తెచ్చింది. ఆంధ్రమహాభారతం అరణ్యపర్వంలో ధర్మరాజుకు దొరికిన అక్షయపాత్ర బంగారమివ్వలేదు, అడవిలో ఉన్నవారికి అన్నం పెట్టింది. డాబా మీది సౌరఫలకం ఈ రెండవదానికే దగ్గరి చుట్టం. ద్రౌపది భుజించేంతవరకే ఆ పాత్రకు శక్తి; ఫలకానికి ప్రొద్దు క్రుంకేంతవరకే. మరునాడు మళ్లీ మొదలు. కాకపోతే ధర్మరాజు స్తోత్రంతో పొందినదానిని నేటి గృహస్థు రొక్కమిచ్చి కొనుక్కోవాలి.

ఆ రొక్కం ఒకప్పుడు మహారాజులకైనా భారమే. కాంతి సోకినప్పుడు విద్యుత్తు పుట్టడాన్ని ఫ్రాన్సు దేశపు శాస్త్రవేత్త ఎడ్మండ్ బెకెరెల్ 1839లో గమనించాడు. అమెరికాలోని బెల్ ప్రయోగశాల 1954లో సిలికాన్‌తో సౌరఘటాన్ని నిర్మించింది. తనపై పడిన కాంతిలో దాదాపు 6 శాతాన్నే అది విద్యుత్తుగా మార్చగలిగింది. అంతటి ఖరీదైన వస్తువు అంతరిక్షంలోకి పోయే ఉపగ్రహాలకే తగినదైంది. 1958లో ఎగిరిన వాన్‌గార్డ్ ఉపగ్రహం దానితోనే సంకేతాలు పంపింది. నేడు 20 శాతం దాటిన సామర్థ్యంతో, ఒక్కొక్క వాట్‌కు ఆనాటి ధరలో అతి స్వల్పభాగానికే ఫలకాలు దొరుకుతున్నాయి. ఇసుకనుంచి తీసిన సిలికాన్ ఉపగ్రహం దిగి డాబా ఎక్కడానికి అర్ధశతాబ్దం పట్టింది.

ఒక కిలోవాట్ ఫలకాలకు సుమారు 100 చదరపు అడుగుల నీడలేని స్థలం కావాలి. మన ప్రాంతపు ఎండలో అవి సగటున రోజుకు 4 యూనిట్లు, నెలకు 120 యూనిట్ల వరకు ఇస్తాయి. ఫలకాలనుంచి వచ్చే ఏకముఖ విద్యుత్తును ఇన్వర్టర్ ఏకాంతర విద్యుత్తుగా మారుస్తుంది. పగలు ఇంటివారు వాడగా మిగిలినది వీధి తీగలలోకి పోతుంది. రాత్రి కావలసినది అవే తీగలనుంచి తిరిగి వస్తుంది. ఇచ్చినదీ పుచ్చుకొన్నదీ రెండింటినీ లెక్కించే మీటరును నెట్ మీటరంటారు. ఇరుగింటికి చేబదులిచ్చిన బియ్యం అవసరానికి తిరిగి తెచ్చుకోవడం వంటిదే ఈ ఏర్పాటు.

ఇక అసలు లెక్క. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన ధరల పట్టికలో మొదటి 30 యూనిట్లకు యూనిట్‌కు 1 రూపాయి 90 పైసలు. ఆపై మెట్టుమెట్టుకూ ధర పెరిగి 226వ యూనిట్‌నుంచి 8 రూపాయల 75 పైసలవుతుంది. ఆ పట్టిక ప్రకారం నెలకు 300 యూనిట్లు వాడే ఇంటికి, ఇతర రుసుములు కాక, సుమారు 1,673 రూపాయలు. ఆ ఇంటిమీద 2 కిలోవాట్ల ఫలకాలుంటే 240 యూనిట్లు ఎండే ఇస్తుంది. మిగిలిన 60 యూనిట్లకు 147 రూపాయలు. నెలకు 1,500కు పైగా మిగులు. ఫలకాలకు లక్షా 35 వేలయిందనుకొంటే, కేంద్రం ఇచ్చే 60 వేల సబ్సిడీ పోగా 75 వేలు గృహస్థు వంతు. నాలుగేళ్లు దాటగానే అది తిరిగి వస్తుంది. ఫలకాలకు ఉత్పత్తిదారులిచ్చే హామీ సాధారణంగా 25 ఏళ్లు.

నెలకు 100 యూనిట్లే వాడే ఇంటి సంగతి వేరు. ఆ ఇంటి విద్యుత్ ఛార్జీ మొత్తం సుమారు 305 రూపాయలు. కిలోవాట్‌కు 70 వేలనుకొని 30 వేల సబ్సిడీ తీసివేసినా 40 వేలు పెట్టాలి. అది రాబట్టుకోవడానికి పదకొండేళ్లు నిరీక్షించాలి. ఎండ ఇద్దరి డాబాలమీదా ఒకేలా కాస్తుంది, లాభం మాత్రం ఎక్కువ వాడేవాని పక్షాన మొగ్గుతుంది. ఇది సూర్యుని పక్షపాతం కాదు, ధరల మెట్ల పర్యవసానం. తెలంగాణలో 2024నుంచి గృహజ్యోతి పథకం కింద అర్హులైన కుటుంబాలకు 200 యూనిట్లవరకు విద్యుత్తు ఉచితం. ఉచితంగా వచ్చేదానికోసం అప్పు చేసి ఫలకాలు పెట్టుకొమ్మని వారికి ఎవరు మాత్రం చెప్పగలరు?

కేంద్రప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో ప్రారంభించిన పి.ఎం. సూర్యఘర్ పథకం కోటి ఇళ్లను లక్ష్యంగా పెట్టుకొంది. 2 కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30 వేలు, మూడవదానికి 18 వేలు, మొత్తం 78 వేలకు మించకుండా సబ్సిడీ నిర్ణయించింది. 2025 సెప్టెంబరులో ఫలకాలపై జి.ఎస్.టి. 12 శాతంనుంచి 5 శాతానికి తగ్గింది. అయితే సబ్సిడీ బ్యాంకు ఖాతాలో పడేది అమరిక, తనిఖీ పూర్తయిన తరువాతనే. కూలిపని చేసుకొనేవారికి, చిరుద్యోగికి అసలు కష్టం ఇక్కడే ఉంది. రేపు రాబోయే 60 వేలు ఈనాడు చేతిలో ఉండవు. పూచీకత్తు లేని బ్యాంకు రుణం దీనికోసమే. 75 వేలను ఏడాదికి 7 శాతం వడ్డీకి తీసుకొంటే ఐదేళ్లపాటు నెలకు సుమారు 1,485 రూపాయలు కట్టాలి. 300 యూనిట్ల ఇంటికి కరెంటు బిల్లే వాయిదాగా వేషం మార్చుకొందన్నమాట. 100 యూనిట్ల ఇంటికి ఆ వెసులుబాటు లేదు. అందువల్లనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం షెడ్యూల్డు కులాల, తెగల కుటుంబాలకు 2 కిలోవాట్ల వరకు ఉచితంగా అమర్చాలని 2025లో నిర్ణయించడం సమంజసంగా కనిపిస్తుంది.

కొన్నవారిని ఆశ్చర్యపరిచే విషయమొకటి ఉంది. బ్యాటరీ లేని ఫలకాల ఇంట్లో, వీధిలో కరెంటు పోతే మిట్టమధ్యాహ్నమైనా ఫ్యాను తిరగదు. తీగలు బాగుచేసే లైన్‌మన్‌కు ఇంటినుంచి పోయే విద్యుత్తు ప్రాణాంతకం కాకూడదని ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. బ్యాటరీ చేర్చితే ఖర్చు పెరుగుతుంది. ఫలకాలమీద దుమ్ము పేరుకొంటే దిగుబడి తగ్గుతుంది కనుక కడుగుతూ ఉండాలి. పదేళ్లకో, పన్నెండేళ్లకో ఇన్వర్టర్ మార్చవలసి రావచ్చు. కోతుల బెడద ఉన్న ఊళ్లలో ఆ బాధ వేరే చెప్పనక్కరలేదు. వడియాలకు చోటుండదేమోనని బెంగపడే ఇల్లాలికి మాత్రం ఒక ఉపాయముంది: ఫలకాలను మనిషి ఎత్తుకు మించిన ఇనుప చట్రాలపై నిలిపితే డాబా డాబాగానే మిగులుతుంది. నీడ పడని అంచు వడియాలకు, నీడ పడిన నేల నులకమంచానికి.

అద్దెకున్నవారికి ఈ ఉపాయాలేవీ పనికిరావు. డాబా యజమానిది, బిల్లు అద్దెదారుది. ఒకరి ఖర్చుకు మరొకరికి ఫలం. బహుళ అంతస్తుల భవనాలలో నలభై కుటుంబాలకు ఒకే పైకప్పు. అక్కడ లిఫ్టుకు, నీటి మోటారుకు, మెట్ల దీపాలకు ఉమ్మడిగా ఫలకాలు పెట్టుకొనే నివాసుల సంఘాలకు కిలోవాట్‌కు 18 వేల సబ్సిడీని అదే పథకం కల్పించింది. పాత పెంకుటిల్లయితే దూలాలు బరువు మోయగలవో లేదో ముందు చూపించుకోవాలి. లేకుంటే పెరటిలోనే నీడ పడని చోట నాలుగు స్తంభాలు పాతి ఫలకాలను నిలబెట్టుకోవచ్చు. చట్రం ఖర్చు కొంత పెరుగుతుంది.